ఫోన్ స్కిన్ మూలలు ఎందుకు లేస్తాయి? ఇంట్లో వేసుకోవాలంటే ఏం చూసుకోవాలి?

ప్రశ్న: కొత్త ఫోన్ కొన్నాను. వెనకవైపు గాజు, అంచులు కాస్త వంపుగా ఉంటాయి. కవర్ వేస్తే లావుగా ఉంటోందని షాపులో స్కిన్ (వెనక అతికించే పల్చటి ప్లాస్టిక్ స్టిక్కర్) వేయించాను. నెల తిరక్కుండానే మూలలు లేచిపోయి, అంచు చుట్టూ జిగురుకి మట్టి పట్టి నల్లగా తయారైంది. ఈసారి ఆన్‌లైన్‌లో తెప్పించి నేనే వేసుకుందామని ఉంది. ఏ రకం తీసుకోవాలి? ఎలా వేయాలి? ఫోన్‌కి ఏమైనా ఇబ్బంది వస్తుందా?

సమాధానం:

విజయవాడలో మాకు మొబైల్ యాక్సెసరీస్ షాపు ఉంది. స్కిన్లు వేయడం, వేసినవి తీయడం నా రోజువారీ పని. మూలలు లేచి మా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువసార్లు కనిపించే కారణం ఒక్కటే. స్కిన్‌ని వంపు మీదకి లాగి అతికించి ఉంటారు. వేసిన రోజు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఎక్కడా సందు కనపడదు. కానీ లాగిన ప్లాస్టిక్ తన పాత కొలతకి వెళ్లిపోవాలనే చూస్తుంది. ఫోన్ వేడెక్కినప్పుడల్లా జిగురు కాస్త మెత్తబడుతుంది, ఆ లాగుడు గెలుస్తుంది, మూల లేస్తుంది. ఒకసారి లేచాక దాని కిందకి దుమ్ము చేరుతుంది, ఇక ఎంత ఒత్తినా అతుక్కోదు. అందుకే నా సలహా మొత్తం ఈ ఒక్క విషయం మీదే ఉంటుంది. స్కిన్‌ని లాగకుండా వేయండి, లాగాల్సిన అవసరమే రాని కొలతలో కోసినది కొనండి.

ముందు మెటీరియల్ సంగతి. రంగుల్లో, టెక్స్చర్లలో దొరికే స్కిన్లు దాదాపు అన్నీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి కాస్ట్ వినైల్. ద్రవంగా ఉన్న పదార్థాన్ని పల్చగా పోసి, ఓవెన్‌లో ఆరబెట్టి తయారు చేస్తారు. ఎవరూ దాన్ని సాగదీయలేదు కాబట్టి లోపల ఒత్తిడి ఉండదు, వంపుల మీద బుద్ధిగా కూర్చుంటుంది. రెండోది క్యాలెండర్డ్ వినైల్. దీన్ని వేడి రోలర్ల మధ్య ఒత్తి పల్చగా చేస్తారు. చపాతీ పిండిని కర్రతో ఒత్తి వదిలేస్తే కాస్త వెనక్కి ముడుచుకుంటుంది కదా, ఇదీ అంతే. నెలల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. మీరు చెప్పిన నల్లటి గీత అలా వచ్చే అవకాశమే ఎక్కువ. స్కిన్ లోపలికి జరిగింది, జిగురు మాత్రం అది మొదట ఉన్న చోటే ఉండిపోయింది, దానికి జేబులోని నూలు, చేతి మట్టి పట్టాయి.

కాస్ట్ ఫిల్మ్ పల్చగా ఉంటుంది, మామూలుగా 50 మైక్రాన్ల దగ్గర, అంటే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. క్యాలెండర్డ్ దానికన్నా మందం. జిగురు, పైన లామినేషన్ కలిపినా మంచి స్కిన్ మిల్లీమీటర్‌లో నాలుగో వంతు దాటదు. కార్లకి ర్యాప్ చేయడానికి వాడే 3ఎం, ఏవరీ డెనిసన్ ఫిల్ములనే మంచి స్కిన్ తయారీదారులు వాడతారు. 3ఎం వాళ్లది ఇదివరకు 1080 సిరీస్ అని ఉండేది, దాని స్థానంలో 2080 వచ్చింది. ఈ పేర్లు చెప్పి ఏదో ఒక రోల్ అమ్మేవాళ్లు బజార్లో బోలెడంత మంది. షాపులో కొంటుంటే రోల్ తిప్పి వెనక కాగితం చూడండి. అసలైన వాటికి సాధారణంగా దాని మీద కంపెనీ పేరు ముద్రించి ఉంటుంది. ఇంకోటి, కాగితం కొంచెం తీసి జిగురు వైపు వెలుతురులో చూస్తే సన్నటి గళ్ల గీతలు కనిపించాలి. అవి గాలి బయటికి పోయే దారులు. అవి లేని స్కిన్‌ని ఇంట్లో బుడగలు లేకుండా వేయడం మొదటిసారి చేసేవాళ్లకి చాలా కష్టం.

ఫోన్ అసలు రంగు కనిపించాలనుకుంటే పారదర్శకంగా ఉండే టీపీయూ (పాలీయురేథేన్ రకం ప్లాస్టిక్) తీసుకోవాలి. కార్ల పెయింట్‌కి గీతలు పడకుండా పైన వేసే పీపీఎఫ్ అనే ఫిల్మ్ అదే జాతిది. వియత్నాం యుద్ధ కాలంలో హెలికాప్టర్ రెక్కల అంచులని ఇసుక, రాళ్ల దెబ్బల నుంచి కాపాడటానికి వాడిన పాలీయురేథేన్ టేపుల నుంచే ఈ ఫిల్ములు ఎదిగాయి. బజార్లో హైడ్రోజెల్ అని అమ్మేవీ చాలావరకు టీపీయూనే, పేరు చూసి వేరే వస్తువు అనుకోవద్దు. టీపీయూ రబ్బరులా సాగుతుంది, గోటి గీతల్లాంటివి కొంత వేడికి వాటంతట అవే మాయమవుతాయి. చవక రకమైతే కొన్నాళ్లకి పసుపు రంగుకి తిరుగుతుంది, తెల్ల ఫోన్ మీద అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మీరు ఇంట్లో, మొదటిసారి వేస్తున్నారు కాబట్టి నా మాట వింటే టెక్స్చర్ ఉన్న మ్యాట్ వినైల్ తీసుకోండి. చిన్న దుమ్ము రేణువు కింద ఉండిపోయినా టెక్స్చర్‌లో కలిసిపోతుంది. నిగనిగలాడే రకంలో ప్రతి రేణువూ పొక్కులా తేలుతుంది.

స్కిన్ దేన్నుంచి కాపాడుతుందో, దేన్నుంచి కాపాడదో కూడా చెప్పాలి. గీతల నుంచి కాపాడుతుంది. జేబులో తాళాలు ఉంటే గాజు గీతలు పడుతుందని భయపడతారు కానీ అసలు శత్రువు ఇసుక. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ స్కేలు (ఏది దేన్ని గీయగలదో 1 నుంచి 10 వరకు చెప్పే కొలత) మీద 7. ఫోన్ల మీద వాడే గట్టి గాజుకి కూడా ఆ స్థాయి దగ్గర గీతలు పడతాయి. బైక్ మీద తిరిగేవాళ్ల జేబుల్లో, ఇల్లు కట్టించుకుంటున్నవాళ్ల జేబుల్లో ఆ రేణువులు ఎప్పుడూ ఉంటాయి. పల్చటి వినైల్ పొర ఆ గీతలని తన మీద వేసుకుంటుంది. చేతిలోంచి జారడం కూడా తగ్గుతుంది. కానీ ఫోన్ కింద పడితే ఆ దెబ్బని ఆపే శక్తి దానికి లేదు. ఫోన్ తరచూ పడేసుకునే అలవాటు ఉంటే లావైనా సరే కవరే వేసుకోండి, ఆ విషయంలో నేను మొహమాటపడను.

ఇక ఏ ఫోన్లకి వేయకూడదు? వెనక లెదర్ లాంటి మెటీరియల్ ఉన్నవాటికి వద్దు. జిగురు సరిగ్గా పట్టదు, పట్టినంత మేర తీసేటప్పుడు ఆ టెక్స్చర్ సందుల్లో ఉండిపోతుంది. బ్యాక్ ప్యానెల్ మార్పించుకున్న ఫోన్లకి కూడా జాగ్రత్త. డూప్లికేట్ ప్యానెళ్ల మీద రంగు గట్టిగా ఉండదు, స్కిన్‌తో పాటే ఊడొస్తుంది. మ్యాట్ గాజుకి పట్టు నున్నటి గాజంత ఉండదు, అయినా శుభ్రంగా తుడిస్తే నిలుస్తుంది. వెనక గాజు పగిలితే పెంకులు గుచ్చుకోకుండా స్కిన్ వేయమని అడుగుతుంటారు. నాలుగు రోజులు నెట్టుకురావడానికి వేయొచ్చు, అంతే. ఆ పగుళ్లలోంచి తేమ పోతూనే ఉంటుంది, కాబట్టి గాజు మార్పించుకోక తప్పదు.

ఆర్డర్ పెట్టేటప్పుడు మోడల్ పేరు అక్షరం పొల్లు పోకుండా సరిచూసుకోండి. ఒకే సిరీస్‌లో ప్రోకి, ప్లస్‌కి, కొన్నిసార్లు 4జీకి, 5జీకి కూడా కెమెరా చోటు మారుతుంది. సెట్టింగ్స్‌లో మోడల్ నంబర్ ఉంటుంది, పెట్టె మీద కన్నా అక్కడ చూడటం నయం. పూర్తి ర్యాప్ అని నాలుగు పక్కలా కప్పేది తీసుకోకండి. వెనకవైపుకి మాత్రమే, అంచు కన్నా అర మిల్లీమీటర్ లోపలికి కోసి ఉన్నది తీసుకోండి. చాలామందికి ఇది నచ్చదు, చుట్టూ సన్నటి గీత కనిపిస్తోంది అంటారు. ఆ గీత ఉండటమే మంచిది. స్కిన్ సమతలంగా ఉన్న చోటే ఆగిపోతుంది, వంపు ఎక్కదు, కాబట్టి లేచే అవసరం దానికి రాదు. పైగా కవర్ వేసినా, జేబులో పెట్టినా ఆ అంచుకి ఏదీ రాసుకోదు.

షాపులో వేయించుకునేవాళ్లకి ఒక మాట. ఇప్పుడు చాలా షాపుల్లో చిన్న కటింగ్ మిషన్ ఉంటుంది. మోడల్ ఎంచుకుంటే కొలత ప్రకారం కోసి ఇస్తుంది. అది లేనిచోట పెద్ద షీట్‌ని ఫోన్ మీద అతికించి, చుట్టూ బ్లేడుతో కోస్తారు. బ్లేడు గాజుని పెద్దగా ఏం చేయకపోవచ్చు, పక్కనున్న అల్యూమినియం ఫ్రేమ్‌ని మాత్రం గీస్తుంది. ఆ గీత స్కిన్ తీశాక బయటపడుతుంది, దాన్ని బాగుచేసే దారి లేదు. బ్లేడు చేతిలోకి తీసుకుంటుంటే వద్దని చెప్పేయండి.

స్కిన్ ఇంటికొచ్చింది అనుకుందాం. కాగితం తీయకుండా ముందు ఫోన్ మీద పెట్టి చూడండి. కెమెరా చుట్టూ సరిపోయిందా, ఫ్లాష్ మీదకి రావట్లేదు కదా చూసుకోండి. ఫ్లాష్ పక్కనో, రెండు కెమెరాల మధ్యనో సూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. అది మైక్. దాన్ని స్కిన్ మూసేస్తే ఫోన్ మాట్లాడేటప్పుడు చుట్టుపక్కల మోత అవతలివాళ్లకి ఎక్కువ వినపడొచ్చు, వీడియో తీస్తే మాటలు నూతిలోంచి వచ్చినట్టుంటాయి. సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా కారణం దొరకదు. స్కిన్‌లో ఆ రంధ్రం లేకపోతే వేయకండి, తిరిగి పంపేయండి.

ఇప్పుడు తుడవడం. పని మొత్తంలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. ఫోన్ ఆఫ్ చేయండి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో బయటి గట్టి భాగాలని తుడవొచ్చని ఆపిల్ కూడా చెబుతుంది, మిగతా గాజు వెనకలకీ అదే సరిపోతుంది. గుడ్డ మీద కొంచెం వేసుకుని తుడవండి, ఫోన్ మీద పోయకండి. శానిటైజర్‌తో తుడిచేవాళ్లని చూస్తుంటాను. అందులో చాలావాటికి చేతులు ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారు. అది ఆవిరైపోదు, పల్చటి పొరగా మిగిలి జిగురుకీ గాజుకీ మధ్య అడ్డుగా ఉంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ ఇంకా ప్రమాదం, అందులోని అసిటోన్ ప్లాస్టిక్ వెనకలని తినేస్తుంది.

మధ్యలో అందరూ బాగానే తుడుస్తారు. మురికి ఉండేది అంచుల్లో, కెమెరా గట్టు చుట్టూ. పాత కవర్ ఆనిన గీత వెంబడి చెమట, నూనె, దుమ్ము కలిసి గట్టిపడి ఉంటాయి. టూత్‌పిక్ మొనకి ఆల్కహాల్‌తో తడిపిన పల్చటి గుడ్డ చుట్టి ఆ గాడి వెంట నెమ్మదిగా తిప్పండి. గుడ్డ మీద బూడిద రంగు గీత పడుతుంది. అది పడటం ఆగేదాకా చోటు మార్చి తుడుస్తూ ఉండండి. తర్వాత గాజు మీద నోటితో ఒక్కసారి ఆవిరి ఊదండి. ఆవిరి అంతటా ఒకేలా పరుచుకుని, ఒకేలా మాయమైతే శుభ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా మచ్చలా, వేలిముద్రలా విడిగా కనిపిస్తే అక్కడ నూనె ఉంది, మళ్లీ తుడవండి. ఈ పరీక్ష అయ్యాక ఆ తలాన్ని వేలితో ముట్టుకోకూడదు, ఫోన్‌ని పక్కల నుంచి పట్టుకోవాలి. చివరగా సెల్లో టేప్ ముక్కతో తట్టి తట్టి దుమ్ము రేణువులు తీసేయండి.

గదిలో ఫ్యాన్ ఆపండి, ఏసీ గాలి నేరుగా తగలకుండా కూర్చోండి. స్నానం చేసి వచ్చాక బాత్రూమ్‌లో గాలిలో దుమ్ము తక్కువ ఉంటుంది, ఆవిరి తగ్గాక అక్కడ పని పెట్టుకుంటే బాగా కుదురుతుంది.

వేసేటప్పుడు వినైల్‌కి నీళ్లు వాడకూడదు, పొడిగానే వేయాలి. టీపీయూకి ఇచ్చే స్ప్రేని చూసి వినైల్‌కి కూడా కొడుతుంటారు, దానితో గాలి దారులు మూసుకుపోతాయి. కాగితం మొత్తం ఒకేసారి తీసేయకండి. కెమెరా వైపు నుంచి నాలుగో వంతు తీసి, మడిచి పెట్టండి. కెమెరా రంధ్రాన్ని గట్టుతో సరిపెట్టండి, మిగతా కొలతంతా దాన్ని బట్టే కుదురుతుంది. కింది అంచు రెండు పక్కలా సమానంగా వస్తోందా అని చూసుకున్నాకే ఒత్తండి. ఇది జిగురే కానీ ఒత్తిడితో పట్టే జిగురు. పైపైన ఆనించినంతవరకు లేపి మళ్లీ పెట్టుకోవచ్చు, గట్టిగా ఒత్తాక లేపితే సాగిపోతుంది. కుదిరింది అనుకున్నాక మధ్యలోంచి బయటికి, గుడ్డ చుట్టిన ఏటీఎం కార్డుతో నెట్టుకుంటూ వెళ్లండి. కాగితాన్ని కింద నుంచి కొంచెం కొంచెం లాగుతూ, ఒత్తుతూ కిందికి దిగండి. స్కిన్ రెండో చివరని చేతిలో వదులుగా పట్టుకోవాలి, బిగబట్టి పట్టుకుంటే అక్కడే లాగుడు మొదలైనట్టు.

బుడగ మిగిలితే కంగారుపడి స్కిన్ లేపేయకండి. దగ్గర్లోని అంచు వైపు బొటనవేలితో నెమ్మదిగా తోయండి. చిన్నవి ఒకటి రెండు రోజుల్లో గాలి దారుల్లోంచి వాటంతట అవే పోతాయి. మొండిగా ఉన్నదాన్ని సన్నటి సూదితో ఏటవాలుగా ఒక్క పోటు పొడిచి నొక్కేయండి, టెక్స్చర్‌లో ఆ గుర్తు కనపడదు. గట్టిగా గరుకుగా తగిలితే అది బుడగ కాదు, దుమ్ము. ఆ ఒక్క మూల వరకే లేపి, టేప్‌తో రేణువు తీసి, మళ్లీ దించండి.

మూలల దగ్గర ఓపిక కావాలి. అర మిల్లీమీటర్ లోపలికి కోసినదైతే మూల దానంతట అదే సమతలం మీద కూర్చోవాలి. వంపు మొదలయ్యే చోట కొద్దిగా ఆనకుండా తేలుతుంటే హెయిర్ డ్రయర్‌ని తక్కువ వేడిలో పెట్టి, జానెడు దూరం నుంచి కొన్ని క్షణాలు చూపించండి. వినైల్ మెత్తబడి ముద్దగా అనిపిస్తుంది. అప్పుడు బొటనవేలి కండతో, గోటితో కాదు, లోపలి నుంచి మూల వైపు ఒత్తి, చల్లారేదాకా వేలు తీయకుండా ఉంచండి. చల్లారాకే ఆ ఆకారం నిలబడుతుంది. చిన్న ముడత వస్తే దాన్ని మడిచి అతికించకండి. మడత మీద మడత జిగురు నిలవదు. మళ్లీ ఒకసారి వేడి చూపిస్తే వినైల్ దానంతట అదే ముడుచుకుని సర్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే ఆ మూలని చిన్న కత్తెరతో గుండ్రంగా కత్తిరించేయడం మేలు. ఒక వెంట్రుకంత గాజు కనిపించినా పర్లేదు.

వేడి విషయంలో హద్దు తెలుసుకోండి. రిపేర్ చేసేవాళ్లు వెనక గాజు ఊడదీయడానికి దాన్ని 80 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేసి, లోపలి జిగురు మెత్తబడ్డాక పల్చటి కార్డు దూరుస్తారు. మీరు డ్రయర్‌ని మూల మీద ఆపకుండా ఊదితే చేసేది దాదాపు అదే పని. నీళ్ల నుంచి కాపాడే సీల్ కూడా ఆ జిగురే. పైగా కింద లిథియం బ్యాటరీ ఉంటుంది, దానికి వేడి అస్సలు పడదు. గాజు మీద చెయ్యి హాయిగా ఆనించగలిగినంత వేడి చాలు. కార్లకి వాడే హీట్ గన్ ఫోన్ దగ్గరికి తేకండి. కొందరు కుర్రాళ్లు వీడియోల్లో చూసి లైటర్ వాడుతున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

వేశాక ఒక రోజంతా కవర్ వేయకండి, బిగుతు జీన్స్ జేబులో పెట్టకండి. ఈ జిగురు పట్టు మొదటి 24 గంటల్లో పెరుగుతూ పోతుంది. ఎండ గురించి మన వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని ఆపిల్ రాస్తుంది. మే నెలలో మా విజయవాడ వైపు 40 దాటడం మామూలే. బైక్ హ్యాండిల్‌కి తగిలించిన హోల్డర్లో ఫోన్ పెట్టి మ్యాప్ చూస్తూ మధ్యాహ్నం తిరిగితే స్కిన్ సంగతి అటుంచండి, ఫోనే దెబ్బతింటుంది. డెలివరీ పని చేసే పిల్లలు తెచ్చే ఫోన్లలో హోల్డర్ గోళ్లు పట్టుకున్న చోటే స్కిన్ జరిగిపోయి ఉంటుంది. వాళ్లకి నేను స్కిన్ వద్దని, పల్చటి గట్టి కవర్ వేసుకోమని చెబుతాను.

వైర్‌లెస్ చార్జింగ్ ఆగిపోతుందా అని చాలామంది అడుగుతారు. ఇంత పల్చటి వినైల్ దానికి అడ్డం కాదు. వేడి కూడా పెరగదు, ఈ విషయంలో లావాటి కవర్ కన్నా స్కినే నయం. నిజమైన లోహపు రేకు ఉన్న స్టిక్కర్లు మాత్రం చార్జింగ్‌నీ, సిగ్నల్‌నీ దెబ్బతీస్తాయి. కార్బన్ ఫైబర్ స్కిన్ అని అమ్మేది కార్బన్ కాదు, ఆ గళ్లు ఒత్తిన వినైలే. అసలు కార్బన్ ఫైబర్ విద్యుత్తుని ప్రసరింపజేస్తుంది, కాబట్టి మనకి దొరికేది ప్లాస్టిక్ కావడమే ఫోన్‌కి మంచిది. కెమెరా లెన్స్ మీద ఏ ఫిల్మూ వేయకండి. రాత్రి ఫొటోల్లో వీధి దీపాల చుట్టూ వలయాలు రావడానికి చాలాసార్లు అదే కారణం.

మీరు అడగలేదు కానీ స్కిన్ వేసేవాళ్లంతా ముందువైపు కూడా ఏదో ఒకటి వేయించుకుంటారు కాబట్టి ఆ ముక్క కూడా చెప్తాను. టెంపర్డ్ గ్లాస్ పెట్టె మీద 9హెచ్ అని ఉంటుంది. అది పెన్సిల్ కాఠిన్యం పరీక్ష కొలత. మోస్ స్కేలులో 9 అనుకుంటే పొరపాటు, ఇసుక దాన్నీ గీస్తుంది. వంపు డిస్‌ప్లేలకి ద్రవంలా ఉండే యూవీ జిగురు పోసి గాజు అతికిస్తారు. ఆ జిగురు స్పీకర్ జాలీలోకి, బటన్ల సందుల్లోకి పాకి గట్టిపడితే బయటికి తీయడం దాదాపు అసాధ్యం. తప్పదనుకుంటే ముందు ఆ రంధ్రాలన్నీ టేప్‌తో మూసిన తర్వాతే పోయనివ్వండి.

స్క్రీన్ లోపల వేలిముద్ర సెన్సర్ ఉన్న ఫోన్లకి ఫిల్మ్ వేశాక వేలిముద్రలు మళ్లీ నమోదు చేసుకోవాలి. కవర్ మీద నుంచి మాత్రం ఎప్పుడూ నమోదు చేయకండి. 2019 అక్టోబర్‌లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10 విషయంలో ముందువైపు కప్పే కొన్ని సిలికాన్ కవర్ల మీద ఉన్న గళ్లని సెన్సర్ వేలిముద్రగా తీసుకుని, ఎవరి వేలు పెట్టినా ఫోన్ తెరుచుకుంది. శాంసంగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది. మడత ఫోన్లది ఇంకో కథ. అదే ఏడాది ఏప్రిల్‌లో మొదటి గెలాక్సీ ఫోల్డ్‌ని రివ్యూకి ఇచ్చినప్పుడు, లోపలి స్క్రీన్ మీద ఉన్న పొరని కొందరు మామూలు ఫిల్మ్ అనుకుని పీకేశారు, స్క్రీన్లు పాడైపోయాయి. ఆ గొడవతో ఫోన్ విడుదల సెప్టెంబర్‌కి వాయిదా పడింది. మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా మడత ఫోన్ ఉంటే లోపలి పొర అంచు లేచినా సరే మీరు ముట్టుకోకండి, సర్వీస్ సెంటర్లోనే మార్పించండి.

కొత్త స్కిన్ వేయడానికి ముందు మీ పాతది తీయాలి కదా. లేచిన మూల నుంచే మొదలుపెట్టండి. డ్రయర్‌తో గోరువెచ్చగా చేసి, పైకి నిటారుగా లాగకుండా, స్కిన్‌ని దాని మీదకే వెనక్కి మడిచినట్టు ఏటవాలుగా, నిదానంగా లాగండి. తొందరపడితే వినైల్ తెగి జిగురు గాజు మీదే ఉండిపోతుంది. మిగిలిన జిగురుని బ్లేడుతో, గరిటెతో గీకకండి. దూదికి రెండు చుక్కల నీలగిరి తైలం అద్ది ఆ నల్లటి గీత మీద రుద్దండి. జిగురు ఉండలు ఉండలుగా చుట్టుకుని వచ్చేస్తుంది. స్పీకర్, చార్జింగ్ రంధ్రాల దగ్గర తైలం వద్దు, అక్కడ పొడి గుడ్డతోనే సరిపెట్టుకోండి. తైలం కూడా నూనెదే కాబట్టి తర్వాత ఆల్కహాల్‌తో మళ్లీ శుభ్రంగా తుడిచి, పైన చెప్పిన ఆవిరి పరీక్ష చేసి, మచ్చ లేదని తేలాకే కొత్త స్కిన్ కాగితం విప్పండి.